నీళ్ల కేంద్రానికి పేరైన రాళ్ల ఆచార్యుడు

గద్వాల (మా విలేకరి): బోరు వేయించే ముందు ఎవరినో ఒకరిని పిలిచి పాయింటు పెట్టించుకోవడం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల రైతులకు అలవాటే. కొందరు కొబ్బరికాయను అరచేతిలో నిలబెట్టుకొని పొలమంతా తిరుగుతారు. కొందరు వేప పంగ పట్టుకొని నడుస్తారు. మరికొందరు నాలుగు ఇనుప కడ్డీలు నేలలో దిగగొట్టి, తీగలు తగిలించి, పెట్టెలో అంకెలు చూసి కాగితం మీద లెక్క కడతారు. ఈ మూడో రకం వారికి ఆ లెక్క నేర్పినది ఎవరు, వారికి నేర్పినవారు ఎవరు అని వెనక్కు అడుగుతూ పోతే కొన్ని పేర్లు వస్తాయి. తెలుగునాట అటువంటి పేర్లలో ముందు వరుసలో ఉన్నది వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర ఆచార్యులు కీర్తిశేషులు డాక్టర్ సి. మహదేవన్ గారిది.

ఆయన 1901లో పుట్టి 1962లో కన్నుమూశారు. తమిళుడు. నీళ్ల నిపుణుడిగా పేరు పడినవారు కాదు. రాళ్లు, ఖనిజాలు, చివరి పదేళ్లలో సముద్రపు అడుగు ఆయన విషయాలు. అయినా హైదరాబాదులో జలవనరుల నిర్వహణ కోసం ఏర్పడిన ఒక అంతర్జాతీయ కేంద్రానికి మహదేవన్ పేరే పెట్టారు. పెట్టినది ప్రభుత్వం కాదు, బంధువులు కాదు. ఆయన దగ్గర పరిశోధన చేసి పట్టం పుచ్చుకున్న శిష్యుడు. రాళ్ల ఆచార్యుడి పేరు నీళ్ల కేంద్రానికి ఎట్లా చేరిందో తెలియాలంటే ఆయన జీవితం మొదటినుంచి చూడాలి.

మహదేవన్ గారు వయసులో ఉన్నప్పుడు కలకత్తా వెళ్లి సర్ సి.వి. రామన్ గారి ప్రయోగశాలలో చేరారు. బౌబజార్ వీధిలో ఉన్న ఆ సంస్థలో 1928 ఫిబ్రవరి 28న రామన్ గారు తమ పరిశోధన ఫలితాన్ని వెల్లడించారు. 1930లో నోబెల్ బహుమానం వచ్చింది. అందరూ వెలుగును, ద్రవాలను పరీక్షిస్తున్న ఆ చోట మహదేవన్ గారు రాతిని తీసుకువచ్చి పెట్టారు. బొగ్గులో మెరిసే పొర, మెరవని పొర ఉంటాయి. రెండింటి మీదికి ఎక్స్-కిరణాలు పంపి లోపలి అమరికలో తేడా ఏమిటో చూశారు. అభ్రకం వంటి ఖనిజాలలో సూదిమొన కంటె చిన్నవైన రంగు వలయాలు కనిపిస్తుంటాయి. ఆ వలయం నడుమ రేడియో ధార్మిక పదార్థపు నలుసు ఒకటి ఉండి, కోట్ల ఏండ్లుగా కిరణాలు విడుస్తూ చుట్టూ ఉన్న ఖనిజాన్ని మాడ్చితే ఏర్పడేదే ఆ మచ్చ. మహదేవన్ గారు వాటిని కూడా పరిశీలించి వ్యాసాలు రాశారు. ఈ వలయాల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

ఆ రోజుల్లో భూగర్భశాస్త్రజ్ఞుడంటే సుత్తి, సంచి, పటం పట్టుకొని నడిచే మనిషి. రాయిని చూసి రకం చెప్పడమే విద్య. దానిని తూచడం, కొలవడం, అంకెల్లో చెప్పడం అంతగా లేదు. మహదేవన్ గారికి కొలత అలవాటు రామన్ గారి దగ్గర అబ్బింది. ఆ తరువాత ఆయన ఎక్కడ పని చేసినా ఆ అలవాటు వదలలేదని ఆయన వ్యాసాల జాబితా చూస్తేనే తెలుస్తుంది.

కలకత్తా నుంచి ఆయన నిజాం ప్రభుత్వపు హైదరాబాద్ జియలాజికల్ సర్వేకు వచ్చారు. కెప్టెన్ లియోనార్డ్ మన్ అనే ఆంగ్లేయుడు పెద్దగా ఉన్న శాఖ అది. సింగరేణి బొగ్గు, హట్టి బంగారం, కృష్ణా తీరపు వజ్రాలు, ఇవన్నీ నిజాం రాజ్యానికి ముఖ్యమైనవే. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న రాయచూరు దోఆబు రాళ్లను ఆ శాఖ వారు సర్వే చేశారు. ఆ దోఆబుకు తూర్పు కొస మన నడిగడ్డ. గద్వాల, ఆలంపురం తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలోనివే. ఆ ఏడు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల వేరు జిల్లా అయింది. వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు కూడా ఆ రోజు పుట్టినవే.

మహదేవన్ గారి చేతికి వచ్చినది మనకు కొంచెం ఎగువన ఉన్న గుల్బర్గా జిల్లా. సురపురం తాలూకా రాళ్లను, భీమా నది పరీవాహకంలోని సున్నపురాతి పొరలను ఆయన పటం గీశారు. భీమా శ్రేణి అని భూగర్భశాస్త్రంలో పిలిచే ఆ పొరల మీద ఆయన రాసిన వ్యాసం 1947లో హైదరాబాదు సర్వే పత్రికలో అచ్చయింది. ఇది మనకు సంబంధం లేని సంగతి అనుకోరాదు. మన ఇండ్లలో పరిచిన షాబాదు బండలు ఆ శ్రేణిలోనివే. పైగా ఆ భీమా నది తంగడి దగ్గర కృష్ణలో కలిసిన తరువాతే కృష్ణ జూరాలకు వస్తుంది. ఆయన నడిచిన నేల మీద కురిసిన వాననీరు కొంత నేటికీ మన కాలువల్లో పారుతున్నది.

ఇక మన రాళ్ల సంగతి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మైదానంలో అడుగున ఉన్నది చాలామట్టుకు పాతకాలపు గ్రానైటు, నైసు రాయి. గద్వాల పేరుతోనే ఒక నల్లరాతి పట్టీ, అంటే షిస్టు బెల్టు, భూగర్భశాస్త్ర పుస్తకాలలో ఉన్నది. ఆలంపురం వైపు పోతే కర్నూలు శ్రేణి సున్నపురాయి తగులుతుంది. అమ్రాబాదు గుట్టల మీద గట్టి ఇసుకరాయి వంటి క్వార్ట్‌జైటు. గ్రానైటుకు దానంతట దానికి నీరు దాచుకునే గుణం లేదు. ఇసుకలో గింజకూ గింజకూ నడుమ సందు ఉంటుంది, బండలో ఉండదు. పైన మగ్గి మొరంగా మారిన పొరలోనూ, దాని కింద బండ పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. కొన్నిచోట్ల నల్లరాయి గోడలాగా నిలువుగా భూమిలోకి దిగి ఉంటుంది. గోడకు ఒక పక్కన బావి నిండుగా ఉంటే, రెండో పక్కన ఎండిపోవచ్చు. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న అన్నదమ్ముల పొలాల్లో ఒకరికి జల పడి ఒకరికి పడకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే గాని, గ్రహబలం కాదు.

1940ల నడుమ మహదేవన్ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆచార్యులుగా వెళ్లారు. అక్కడ భూగర్భశాస్త్ర శాఖ 1941లో మొదలైంది. యుద్ధం రోజుల్లో విశ్వవిద్యాలయం వాల్తేరు విడిచి గుంటూరుకు తరలి, తిరిగి వచ్చింది. కొత్త శాఖ, చెదిరిన సామాను. దక్కను పీఠభూమిలో తిరిగిన మనిషి సముద్రం ఒడ్డున కొలువు మొదలుపెట్టారు. ఇక్కడి నుంచి ఆయన ముఖ్యమైన పని ఇతరుల చేత పరిశోధన చేయించడం.

ఈ పని ఎట్లాంటిదో మన పాఠకుల కోసం కొంత వివరంగా చెప్పాలి. పి.హెచ్.డి. చేసినవారిని డాక్టరు అంటారు గనుక మందులిచ్చే డాక్టరు అని పల్లెల్లో పొరబడుతుంటారు. ఇది వేరు. ఎం.ఎస్సీ. దాకా చదివేది ఇతరులు కనుక్కున్నది. పి.హెచ్.డి.లో అభ్యర్థి తాను ఒక కొత్త సంగతి కనుక్కొని, రుజువులతో సిద్ధాంత వ్యాసం రాయాలి. అతనికి గైడు, అంటే పర్యవేక్షకుడు ఒకరుంటారు. వ్యాసం పూర్తి అయినాక బయటి విశ్వవిద్యాలయాల నుంచి పరీక్షకులు దానిని చదువుతారు. తరువాత అభ్యర్థిని ఎదురుగా నిలబెట్టి నోటి పరీక్ష చేస్తారు. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం కూడా గైడుకు తోడు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు ఉండాలి. ఒక ప్రొఫెసరు ఏకకాలంలో ఎనిమిది మందికి మించి గైడుగా ఉండరాదు. ఎనిమిది మంది ఎనిమిది చోట్ల పొలాల్లో తిరుగుతుంటే అందరి వెంటా పోయి చూడగల ఆచార్యులు ఎందరన్నది వేరే ప్రశ్న.

మన ప్రాంతానికి ఈ పద్ధతి కొత్తది కాదు. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు వచ్చినది ఇందువల్లనే. కార్తీక, మాఘ మాసాల్లో సంస్థానానికి దూరదేశాల నుంచి పండితులు, అవధానులు వచ్చేవారు. ఆస్థాన పండితుల ఎదుట పరీక్షకు నిలబడి, నెగ్గినవారు సన్మానం పుచ్చుకొని వెళ్లేవారు. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలలోనూ విద్వాంసులకు ఆదరణ ఉండేది. పరీక్షించేవాడికి విద్య లేకపోతే సన్మానానికి విలువ లేదని వారికి తెలుసు. పి.హెచ్.డి. పట్టానికీ ఇదే వర్తిస్తుంది. తేడా ఒక్కటే. పద్యంలో తప్పు ఉంటే సభలోనే తేలిపోతుంది. భూగర్భజలాల వ్యాసంలో తప్పు ఉంటే తేలేది పదేళ్ల తరువాత, ఏదో ఊరి రైతు బోరులో.

భూగర్భజలాల మీద పరిశోధన ఎట్లా ఉంటుందో చూద్దాం. అభ్యర్థి ఒక వాగు పరీవాహకం తీసుకుంటాడు. అందులోని బావులు, బోర్లు లెక్క రాస్తాడు. వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానలు వెళ్లాక నవంబరులో ఒకసారి నీటిమట్టం కొలుస్తాడు. ఒక బోరును గంటల తరబడి ఆపకుండా నడిపించి నీరు ఎంత వేగంగా దిగుతున్నదో, ఆపినాక ఎంత వేగంగా తిరిగి ఎక్కుతున్నదో నిమిషాల లెక్కన రాస్తాడు. కడ్డీలు దిగగొట్టి కరెంటు పంపి రాతి పొరల లోతు అంచనా కడతాడు. సీసాలలో నీరు పట్టి ఫ్లోరైడు, ఉప్పు పరీక్ష చేస్తాడు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగరాదని మన దేశపు ప్రమాణం.

గైడు పని ఇక్కడే ఉంది. ఎన్ని బావులు కొలిచావు, ఏ ఏట కొలిచావు, అది కరువు ఏడా మంచి ఏడా, పక్క బోరు నడుస్తుండగా ఈ బోరు కొలిచావా, ఇవి అడగాలి. నల్లరాయి గోడకు ఒక పక్కనే కొలిచి రెండు పక్కలకూ ఒకే లెక్క వేస్తే వ్యాసం వెనక్కు పంపాలి. బయటి పరీక్షకుడు ఆ ఊరు చూసి ఉండడు. అతని ముందు ఉండేది కాగితం. కాగితంలో అంకెలు మరీ అందంగా కుదిరితే అనుమానించాలి, ఎందుకంటే బండ నేలలో రెండు బోర్లు ఒకే తీరుగా ఉండవు. ఈ రెండు మెట్లూ దాటిన వ్యాసమే తరువాతి వారికి ఆధారం అవుతుంది. జిల్లాలో నీటి పథకాలు వేసేవారు, బ్యాంకు అప్పులకు అంచనాలు కట్టేవారు అటువంటి ఆధారాలనే నమ్ముకుంటారు.

మహదేవన్ గారు గైడుగా ఏ విషయాలు చేపట్టారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. విశాఖ తీరపు ఇసుకలో మోనజైటు అనే ఖనిజం ఉంది. థోరియం దాని నుంచి వస్తుంది. దీనిమీద ఎ. శ్రీరామదాసుతో కలిసి ఆయన 1948లో వ్యాసం ప్రకటించారు. ఆ ఏడే ఎన్. శతపథితో కలిసి మరొకటి. ఇసుకలో ఖనిజం ఉందని చెప్పి ఊరుకోలేదు. అది ఒడ్డుకు ఎక్కడి నుంచి కొట్టుకు వచ్చింది, దాని పుట్టిల్లు ఏ కొండ, అన్నది రెండో వ్యాసపు ప్రశ్న. ఇద్దరు వేర్వేరు పరిశోధకులు, ఒకటే ఇసుక, ఒకరు ఆపిన చోట మరొకరు మొదలుపెట్టారు.

1952లో అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు వాల్తేరుకు అతిథి ఆచార్యుడుగా వచ్చారు. మహదేవన్ గారికి అప్పటికి యాభై దాటాయి. అంతదాకా ఆయన చూసినవి కొండలు, గనులు, భీమా తీరపు బండలు. ఆ వయసులో సముద్రపు అడుగు తమ శాఖ విద్యార్థులకు కొత్త పొలం అని గ్రహించారు. నౌకాదళం ఓడల మీద వెళ్లి అడుగు మట్టి తీసి పరీక్షించారు. తూర్పు తీరపు సముద్రం అడుగు మట్టి మీద ఎం. పూర్ణచంద్రరావుతో కలిసి రాసినది 1954లో అచ్చయింది. గోదావరి సంగమానికి ఉత్తరాన ఇసుక మేటలు ఎందుకు పెరుగుతున్నాయో ఆర్. ప్రసాదరావుతో కలిసి 1958లో రాశారు.

ఇక్కడ నాకు తోచిన మాట ఒకటి. గైడుకు జవాబులన్నీ తెలిసి ఉండాలని మనం అనుకుంటాం. మహదేవన్ గారికి సముద్రం ముందుగా తెలియదు. ఆయనకు తెలిసినది కొలవడం. ఏది కొలిస్తే ఏది తేలుతుందో తెలిసినవాడు, తాను ఎన్నడూ దిగని నీళ్లలో కూడా విద్యార్థిని ఈదించగలడు. మన ఊళ్లలో మంచి మేస్త్రీలు కొందరు ఇటువంటివారే. తాము కట్టని తీరు ఇల్లైనా తాడు, గుండు చేతికిచ్చి శిష్యుడి చేత నిలబెట్టిస్తారు.

ఇప్పుడు రంగు వలయాల దగ్గరకు రావాలి. ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ అనే యువకుడు 1950లలో మహదేవన్ గారి దగ్గర పరిశోధన చేశారు. ఆయన చేపట్టినది రాళ్లలో రేడియో ధార్మికత. గురువు పాతికేళ్ల కిందట కలకత్తాలో సూక్ష్మదర్శినిలో చూసిన మచ్చకు కారణమైన శక్తినే శిష్యుడు యంత్రాలతో కొలిచి, రాతి వయసు కట్టే విద్యలోకి దిగారు. మన దేశంలో ఆ విద్యకు దారి వేసినవారిలో ఆయన ఒకరయ్యారు. తరువాత ఆఫ్రికాలోని టాంజానియా, మొజాంబిక్ దేశాలలో పని చేశారు. అక్కడి నేలలు కూడా మన నేలల వంటివే. పాత బండ, తక్కువ వాన, బీద రైతు. రాతి వయసు కట్టిన మనిషి మట్టి మీదికి, నీటి మీదికి తిరిగారు. 1999లో నేలల మీద, 2001లో జలవనరుల నిర్వహణ మీద ఆయన పుస్తకాలు వెలువడ్డాయి. హైదరాబాదులో మహదేవన్ అంతర్జాతీయ జలవనరుల నిర్వహణ కేంద్రానికి గౌరవ డైరెక్టరుగా ఉన్నది ఈ అశ్వత్థనారాయణ గారే. గురువు పోయిన ఎన్నో ఏండ్లకు ఆయన పేరు నీళ్ల కేంద్రానికి చేరిన దారి ఇది.

ఆ తరం వేసిన బాటలో ఆ తరువాతివారు చేసిన ఒక పని మన రైతులు తప్పక తెలుసుకోవాలి. హైదరాబాదు ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. 1999లో అక్కడ ఫ్రెంచివారితో కలిసి భూగర్భజలాల పరిశోధన కేంద్రం ఒకటి పెట్టారు. మన ప్రాంతానికి ఉత్తరాన ఉన్న మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకం తీసుకొని ఏండ్ల తరబడి బోర్లు కొలిచారు. అక్కడిది మన వంటి గ్రానైటే. పరిశోధక విద్యార్థులు కూడా ఆ నేల మీద పని చేసి సిద్ధాంత వ్యాసాలు రాశారు. తేలినది ఏమిటంటే, పైన మొరం పొర, దాని కింద పగుళ్ల పొర, రెండూ కలిపి దాదాపు 35, 40 మీటర్ల దాకా ఉన్నాయి. నీరిచ్చే పగుళ్లలో ఎక్కువ భాగం ఆ లోతులోనే. అడుగుల్లో చెబితే నూట ఇరవై, నూట ముప్పై. అంతకు కిందికి పోయినకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. నీరు అసలే తగలదని కాదు. తగిలే అవకాశం తక్కువ, పెట్టే ఖర్చు ఎక్కువ. ఐదారు వందల అడుగులు దింపి బండ పొడి మాత్రమే చూసిన రైతులు మన మూడు జిల్లాలలో ఊరికి కొందరున్నారు. మహేశ్వరం లెక్క మన ప్రతి పొలానికీ అచ్చుగా సరిపోతుందని అనలేము. కాని పక్క బోరు ఎండితే ఇంకా లోతుకు పోవాలనే పట్టుదలకు ముందు ఆ మాట ఒకసారి వినడం మంచిది. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల కాలువలు కొన్ని ఊళ్లకు వచ్చాయి. కాలువ అందని పొలాలకు ఇంకా బోరే ఆధారం.

ఇందులో ఒక లోటు చెప్పక తప్పదు. పరిశోధకులు వచ్చి బావిలో టేపు వేస్తారు, సీసాలో నీరు పడతారు, రైతు మోటారు గంటల తరబడి నడిపిస్తాడు, వారికి మజ్జిగ ఇస్తాడు. రెండు మూడేళ్లకు వ్యాసం తయారై పట్టం వస్తుంది. అది ఇంగ్లీషులో ఉండి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేరుతుంది. ఏ బావిని కొలిచారో ఆ బావి యజమానికి తన నీటిలో ఫ్లోరైడు ఎంతో, తన బోరు ఎంత సేపు నడిపితే సురక్షితమో నాలుగు తెలుగు ముక్కల్లో రాసి ఇచ్చేవారు అరుదు. పట్టం ఇచ్చే ముందు ఈ కాగితం రైతుకు అందిందా అని పరీక్షకులు అడిగితే బాగుండును. నిబంధనల్లో ఇది చేర్చడానికి పైసా ఖర్చు లేదు.

మహదేవన్ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే చివరిదాకా పని చేశారు. అరవై ఏండ్లు నిండిన సందర్భంలో 1961లో హైదరాబాదు నుంచి ఆయన పేరుతో ఒక పెద్ద వ్యాస సంపుటి వెలువడింది. దేశంలోని భూగర్భశాస్త్రజ్ఞులు అందులో తమ పరిశోధన వ్యాసాలు ఇచ్చారు. మరుసటి ఏడు, 1962లో, ఆయన కాలం చేశారు. రెండేళ్ల తరువాత, 1964లో, లాఫాండ్ తూర్పు తీరం దగ్గర సముద్రం అడుగున ఉన్న మూడు లోతైన లోయల గురించి వ్యాసం ప్రకటించారు. వాటిలో ఒకదానికి ఆంధ్ర పేరు, ఒకదానికి మన కృష్ణ పేరు ఉన్నాయి. మూడోది మహదేవన్ లోయ.